చీపురుకు మూడు ఆదివారాలు

మార్చి 2, ఆదివారం. సాయంత్రం

ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చింది. నేనే తెచ్చానని రాయాలి, నిజానికి. దానంతటది నడిచి రాలేదు.

నా పార్లర్‌కి పదేళ్ళుగా వచ్చే బ్యాంక్ క్యాషియర్‌కి బదిలీ అయింది. అక్కడిచ్చే క్వార్టర్స్‌లో కుక్కల్ని ఉంచుకోనివ్వరట. ఐబ్రోస్ చేయించుకుంటూ చెప్పుకుని ఏడ్చింది. దారం కనుబొమ్మ మీద ఉండగా ఏడిస్తే నా పని ఎలా సాగుతుంది. సరే, నాకిచ్చేయండి అన్నాను. ఏడుపు ఠక్కున ఆగింది. అంత ఠక్కున ఆగుతుందనుకోలేదు.

ఏడు నెలల పిల్ల. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు చెవులు, నేల ఊడ్చేంత జుట్టు. ముఖం ఎటుందో తోక ఎటుందో చూడగానే తెలియదు. అక్క గుమ్మంలోనే ఆగిపోయి, ఈ చీపురు ఎక్కడిదే అంది. పేరు వెతికే శ్రమ తప్పింది.

అక్కకి ముక్కే ఉద్యోగం. పాల కేంద్రంలో తెల్లారేసరికి వరస కట్టే క్యాన్ల మూతలెత్తి వాసన చూస్తుంది. తను పాస్ అంటే పాలు లోపలికి, రిజెక్ట్ అంటే వెనక్కి. ఇరవై ఆరేళ్ళలో ఆ ముక్కుని కాదన్నవాళ్ళు లేరు. ఒకరి పాలు మూడుసార్లు రిజెక్ట్ అయితే వాళ్ళ పాలు పోసే కార్డు రద్దు.

ఇంట్లో కుక్క కంపు ముక్కుకి పట్టేస్తే రేపు పులిసిన పాలకి పాస్ చెప్తాను, అప్పుడు నా గతేమిటని అడిగింది. సబబే. అందుకని ఒప్పందం కుదిరింది. ప్రతి ఆదివారం పొద్దున చీపురుకి వాసన పరీక్ష. మూడు రిజెక్ట్‌లు పడితే దాని కార్డు రద్దు. ఊరి చివర మొక్కల నర్సరీ నడిపే ఆయనకి ఇచ్చేయాలి. ఆయన దగ్గర ఇప్పటికే ఎనిమిది కుక్కలున్నాయి, అన్నీ బయటే పడుంటాయి.

నేను నవ్వాను. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ జుట్టు కడుగుతున్నదాన్ని. మూరెడు కుక్కపిల్ల నాకో లెక్కా.

మార్చి 3

పార్లర్ తెరవకముందే స్నానం చేయించాను. నా పద్ధతిలోనే. ముందు జుట్టంతా తడపడం, ఒక షాంపూ, ఇంకో షాంపూ, ఐదు నిమిషాలు కండిషనర్, తడి మీదే పెద్ద పళ్ళ దువ్వెన, ఆఖర్న డ్రయర్. కండిషనర్ గులాబీ వాసనది. దాన్ని అందరు కస్టమర్లకీ తీయను.

బేసిన్‌లో మెడ ఆనించి పడుకుంది, అచ్చం అలవాటైన కస్టమర్‌లా. డ్రయర్ కింద జుట్టు పట్టులా జారింది. మొదట వచ్చిన టైలరమ్మ దీనికి ఎవరు చేశారండీ అని అడిగింది. అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చింది అన్నాను. నమ్మినట్టే ఉంది.

మార్చి 6

గులాబీ తోటలో తడి గోనెసంచి ఆరేసినట్టుందని అక్క టీ తాగుతూ అంది. అసూయ.

మార్చి 9, ఆదివారం

రిజెక్ట్.

కేంద్రంలో చేసినట్టే చేసింది. గేటు దాకా వెళ్ళి ముక్కులోంచి గాలి మూడుసార్లు వదిలింది. తిరిగొచ్చి, చీపురు చెవిని రెండు వేళ్ళతో క్యాన్ మూతలా ఎత్తి, ఒక్కసారి పీల్చింది. ఒక్కసారే. రెండోసారి పీలిస్తే ముక్కు సర్దుకుపోతుందట, మొదటి వాసనే నిజమట. రిజెక్ట్ అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. చీపురు ఆమె వెనకే తోకాడించుకుంటూ పోయింది. దానికి సిగ్గూ లేదు, భయమూ లేదు.

నేనూ వాసన చూశాను. గులాబీ తప్ప ఏమీ తెలియలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా హెయిర్ డై మధ్య బతికే ముక్కు నాది, దానికేం తెలుస్తుంది.

మార్చి 11

మళ్ళీ స్నానం.

మార్చి 13

మళ్ళీ.

మార్చి 15

మళ్ళీ. కండిషనర్ డబ్బా ఖాళీ. బకెట్ చప్పుడు వినబడితే చాలు, మంచం కిందికి దూరుతోంది.

మార్చి 16, ఆదివారం

రెండో రిజెక్ట్. ఈసారి మొహం కూడా చిట్లించింది.

నాకు ఒళ్ళు మండింది. వారంలో మూడు తలస్నానాలు ఈ ఇంట్లో మనుషులకి కూడా జరగలేదు, ఇంకేం కడగమంటావని అడిగాను. కడగడం సంగతి తనకి తెలియదంది. పైన బాగానే ఉంది, అడుగున పులిసింది అంది. కొంతమంది పుల్లబడిన పాల మీద మంచి పాలు పోసి తెస్తారట. మూత ఎత్తితే ఏమీ ఉండదు. గరిటె కాడ పెట్టి కలిపితే అసలు సంగతి పైకొస్తుంది. అలాగే చీపురు జుట్టులో వేళ్ళు దూర్చి కదిపింది. చెవుల వెనక, చంకల్లో, పొట్ట కింద. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపించింది. చీపురు కుయ్ మంది.

కుయ్ మనడం నేను ఇంతకుముందు విన్నాను. గారాబం అనుకున్నాను.

ఇంక ఒక్క ఆదివారమే ఉంది. ఇది పగలంతా నా కుర్చీ కింద, నా పాదం మీద గడ్డం పెట్టుకుని పడుకుంటుంది. నేను కస్టమర్ చుట్టూ తిరిగితే అదీ లేచి తిరుగుతుంది. నాకు దీన్ని ఇచ్చేయాలని లేదు. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 18, మంగళవారం. పార్లర్ సెలవు

పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె పట్టులాంటి పై జుట్టుని పక్కకి తోసి అడుగు చూపించింది. చర్మానికి అంటుకుని ఉండలు ఉండలుగా, కంబళి ముక్కలా గట్టిపడి ఉంది. ఆ ఉండల కింద తడి. శనివారం నాటి తడి మంగళవారానికి కూడా ఆరలేదు. కింద చర్మం ఎర్రగా కమిలింది. కంపు అక్కడిదట.

దువ్వకుండా తడిపారా అని అడిగింది. అవునన్నాను. ఇలాంటి జుట్టులో చిన్న చిక్కున్నా సరే, నీళ్ళు తగిలితే బిగుసుకుపోతుందట. ప్రతి స్నానానికీ ఇంకాస్త బిగుస్తుంది. ముందు పొడిగా ఉండగా కుదుళ్ళ దాకా దువ్వాలి, దువ్వెన ఎక్కడా అడ్డం పడకూడదు, అప్పుడే నీళ్ళు. మనుషుల షాంపూ వద్దు, కుక్కలదే వాడాలి. మూడు వారాలకి ఒక స్నానం చాలు. వేడి లేని గాలితో చర్మం దాకా ఆరబెట్టాలి. చెవుల్లో తడి ఉండనివ్వకూడదు. పాలు తాగాక గడ్డం తుడవాలి.

నేను అన్నిటికీ తలూపాను. మా పనిలో మొదటి పాఠమే ముందు తడపమని. పొడి జుట్టు మీద దువ్వెన పెడితే మా గురువుగారు చేతి మీద కొట్టేవారు. ఇరవై రెండేళ్ళు అదే చేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. దీనికి మాత్రం నా పనితనమే కంపు తెచ్చిపెట్టింది.

నేను బయల్దేరేముందు డాక్టరమ్మ నేనేం పని చేస్తానని అడిగింది. చిన్న షాపు ఉందండీ అన్నాను. పార్లర్ అని చెప్పడానికి నోరు రాలేదు.

చిక్కులు చాలా ఉన్నాయి కాబట్టి మొత్తం గొరిగించేస్తే సుఖం అని కూడా అంది. పది నిమిషాల పని.

మార్చి 19. మధ్యాహ్నం రెండు గంటలు

చీపురుని కుర్చీలో కూర్చోబెట్టాను. క్లిప్పర్‌కి నూనె వేశాను, స్విచ్ కూడా వేశాను. గొరిగేస్తే ఆదివారం పాస్ అవడం ఖాయం. జుట్టు మళ్ళీ వస్తుంది.

అక్క కేంద్రం నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏం చేస్తున్నావంది. చెప్పాను. దువ్వితే ఎంతసేపు పడుతుందని అడిగింది. అసలు పూర్తవుతుందో లేదో, మూడు నాలుగు రోజులు పట్టొచ్చన్నాను. అయితే దువ్వు, ఏం, నీ రైలు వెళ్ళిపోతోందా అంది.

నేను అక్కడితో ఊరుకోవలసింది. నీకేం, అది పోతే నీకు సంతోషమేగా అన్నాను.  తల మీద చెయ్యి పెట్టి తడుముకుంటే ఏమీ ఉండదు చూడు, అది ఎలా ఉంటుందో నాకు తెలుసు అంది అక్క.

అదే రోజు. ఆరు గంటలు

రాయాలి.

పన్నెండేళ్ళ క్రితం అక్కకి టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచం పట్టింది. నడుము దాటిన జుట్టు తనకి. పడుకుని పడుకుని వెనక అంతా ఉండ కట్టింది. నాకు ఆ వారం చేతినిండా పని. ఒక మధ్యాహ్నం తను మగతలో ఉండగా మిషన్ పెట్టి తీసేశాను. పది నిమిషాల్లో అయిపోయింది. తల తేలికైంది కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను కూడా.

జుట్టు మళ్ళీ వచ్చింది. కానీ ఆ తర్వాత అక్క ఎప్పుడూ నా కుర్చీలో కూర్చోలేదు. తలకి నూనె తనే పెట్టుకుంటుంది, చివర్లు తనే కత్తిరించుకుంటుంది. ఊరంతటి తలలూ నా చేతికొస్తాయి, పార్లర్ గోడకి అటు, మా ఇంట్లోనే ఉండే తల రాదు. పొదుపు మనిషి అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎంత మొద్దుని.

క్లిప్పర్ డబ్బాలో పెట్టేశాను.

మార్చి 20

ఎడమ చెవి అయింది. గంటన్నర.

పద్ధతి కనిపెట్టాను. ఉండని కుదురు దగ్గర వేళ్ళతో పట్టుకోవాలి, లాగినట్టు చర్మానికి తెలియకూడదు. జుట్టు చివర నుంచి మొదలుపెట్టి దువ్వెన కొసతో కొంచెం కొంచెం పైకి రావాలి. పావుగంటకోసారి వదిలేయాలి, లేకపోతే వేలు కొరుకుతుంది. అక్క స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని దాని ముఖం పట్టుకుంది. వాసనకని కొంగు ముక్కుకి కట్టుకుంది. దొంగలా ఉన్నావన్నాను. ముందు పని చూడమంది.

మార్చి 21

కుడి చెవి, రెండు చంకలు. పొట్ట కింద సగం. ఇద్దరు కస్టమర్లని రేపు రమ్మన్నాను.

చీపురు అక్క ఒళ్ళో నిద్రపోయింది. అక్క అప్పుడు చెప్పింది, ఆ రోజు మెలకువ వచ్చాక అద్దంలో తన తల కంటే ముందు వెనక నిలబడ్డ నా ముఖం కనబడిందట. నేను నవ్వుతున్నానట.

మొన్ననే క్షమాపణ అడగాల్సింది. ఇవాళ అడిగాను, తప్పయిపోయిందే అక్కా అని. ఊఁ అంది. చీపురుని లేపకుండా దాని ఇంకో కాలు నా వైపు తిప్పింది.

మార్చి 22, శనివారం

దువ్వెన మెడ దగ్గర పెడితే తోక దాకా ఆగకుండా వెళ్ళింది. అప్పుడు నీళ్ళు.

కుక్కల షాంపూ, ఒక్కసారే. చెవుల్లో దూది పెట్టాను. టవల్‌తో రుద్దకుండా అద్దాను. డ్రయర్ చల్లగాలిలో పెట్టి, జుట్టు పాయలు పాయలుగా విడదీసి, చర్మం పొడిగా తగిలేదాకా ఆరబెట్టాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఎరుపు తగ్గింది. చేతులు నొప్పి. రేపేమవుతుందో. నర్సరీ ఆయన ఫోన్ చేసి, ఆదివారం సాయంత్రం ఖాళీనే అన్నాడు. అంత తొందరేమిటో ఆయనకి.

మార్చి 23, ఆదివారం

అక్క గేటు దాకా వెళ్ళింది. గాలి వదిలింది. వచ్చింది. చెవి ఎత్తింది, పీల్చింది. వేళ్ళు దూర్చి అడుగు కదిపింది, మళ్ళీ పీల్చింది. రెండోసారి పీల్చడం నేనెప్పుడూ చూడలేదు.

కుక్క వాసన వస్తోంది అంది.

 స్టూలు మీద కూలబడ్డాను. మూడు రోజుల చాకిరీ, నర్సరీ ఆయన ఫోన్, ఎనిమిది కుక్కలు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. సరే, సాయంత్రం పంపిద్దాం అన్నాను. 

అక్క నన్ను విచిత్రంగా చూసింది. పాలు పాల వాసన రాకపోతేనే నేను వెనక్కి పంపేది, నీ గులాబీ పాలు ఏ కేంద్రంలో తీసుకుంటారని అడిగింది. కుక్క కుక్క వాసనే వస్తోంది, అడుగు దాకా అదే వాసన, పాస్ అంది.

చేతులు కడుక్కోకుండానే టీ పెట్టడానికి వెళ్ళింది.

ఏప్రిల్ 13, ఆదివారం

చీపురు స్నానం అయి మూడు వారాలు నిండాయి. ముందు చీపురుకి, తర్వాత అక్కకి. ఒకే కుర్చీలో. ఇద్దరికీ పొడి జుట్టు మీదే దువ్వాను.