నెల తప్పిందనుకున్నాను

మదనపల్లె,
12 ఫిబ్రవరి 1945

ఎస్తేరక్కకు వందనాలు. కుప్పంలో బావా, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ఏడుస్తూ రాసిన నా పోయిన ఉత్తరాన్ని పొయ్యిలో పడెయ్యి. అది కడుపు కాదు!

ఆయన మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చి వెళ్లాక రెండు నెలలు ముట్టు కాలేదు. ఏప్రిల్లో టీచర్ ట్రైనింగు చివరి పరీక్ష. ఇప్పుడు కడుపంటే చదువు మానుకోవాలని వణికిపోయాను. పుంగనూరు నుంచి వచ్చిన మా అత్త మాత్రం నేను అన్నం వెనక్కి నెట్టడం చూసి మురిసిపోయింది. ఆమే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"గర్భం లేదమ్మా. తిండీ నిద్రా మాని చదివి రక్తం తగ్గించుకున్నావు" అంది డాక్టరమ్మ.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ అత్త ముఖం చూడలేక జట్కాలో తల దించుకుని కూర్చున్నాను.

"నవ్వొస్తాంటే నవ్వమ్మా, యాల బిగబట్టుకుంటావు?" అందామె. "నాకూ ఆశ ఉండాది, నిజమే. ముందు నువ్వు పరీచ్చ రాయి. నా మనవడికి సదువు సెప్పేదానికి ఇంట్లో ఒకరుండల్ల గదా!"

మేమిద్దరం నవ్విన నవ్వుకు జట్కా సాయిబు వెనక్కి తిరిగి చూశాడు.

పరీక్ష అయ్యేదాకా ఆమె ఇక్కడే ఉంటుందట. రోజుకు రెండు గుడ్లు దగ్గరుండి తినిపిస్తోంది. ఇదిగో, "ఉత్తరాలు సాలు, పుస్తకం తియ్యి" అని అప్పుడే కేకేస్తోంది. ఉంటానక్కా.

నీ చెల్లెలు