గడ్డకట్టని సిమెంటు

శనివారం

పొద్దున్నించి ముసురు. కొత్తగా కడుతున్న చిమ్నీ దగ్గర కాంక్రీటు పని ఆపేశారు. నేను చూసుకునే స్టోర్‌లో కప్పు రేకు ఒకచోట కారింది గానీ ఒక్క సిమెంటు బస్తా తడవలేదు. ఈ మధ్య బస్తాలను గోడకు దూరంగా, చెక్కల మీద పేర్పిస్తున్నాను. ముందొచ్చిన బస్తా ముందే బయటికి పోతోంది. ఇదివరకు వెనక వరసలు నెలల తరబడి కదలక గడ్డకట్టేవి. ఇంజనీరు గారు చూసి బాగుందన్నారు.

ఆ గడ్డలు చితక్కొట్టి జల్లెడ పట్టడమే నరసమ్మ పని. జల్లించిన పొడిని కూలీల గుడిసెల్లో నేలకు వాడేవాళ్లం. మొగుడు మంచం పట్టాక ఇల్లు ఆ కూలితోనే గడుస్తోంది. మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంది సారూ, ఇయ్యాల గూడ గడ్డల్లేవా?"

"లేవమ్మా."

"గింత వాన పడె. ఆ కారే జాగల రెండు బస్తాలు మర్చిపోరాదు? నీ సొమ్మేం పోతది!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమెకు ఇంకో పని చూడమని మేస్త్రీని అడిగాను.

"తట్టలు మోసే వయసా సార్ ఆమెది? నడుమిరిగితే ఎవరు చూస్తరు?" అన్నాడు.

అదీ నిజమే. నేను చేసిందీ తప్పు కాదు. ఇక ముందు కూడా బస్తాలు ఇలాగే పేర్పిస్తాను. అయినా అన్నం సయించలేదు...

సోమవారం నుంచి పనికి రావద్దని ఆమెకు మేస్త్రీయే చెప్పాడు. సాయంత్రం ఐదు గంటల బస్సుకు నరసమ్మ తన ఊరు గిల్లేసూగూరు వెళ్లిపోయింది.