బొమ్మల రీలు చూసి నవ్వినందుకు

యాదమ్మ నాయినా,

నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. గనిలో బండ పగుళ్లిచ్చిందని ముందురోజు నువ్వే నాతో చెప్పావు. వద్దని ఎంత బతిమాలినా, మేస్త్రీ పిలిచాడని తెల్లారి అందులోకే దిగావు. నువ్వు పోయి నిన్నటికి ఏడాది.

నిన్న సాయంత్రం బిడ్డను తీసుకుని పెద్దేముల్ నుంచి తాండూరు టెంటు సినిమాకు పోయాను. కథ మొదలుకాక ముందు వేసే కార్టూను బొమ్మల రీలు కోసమే. ఆ రీలు కోసం నువ్వు పిల్లలకంటే ముందు పోయి కూర్చునేవాడివి. కథ మొదలవగానే గురక పెట్టేవాడివి.

నిన్నటి రీలులో ఒక కుక్క తన తోకనే తరుముకుంటూ పిండి బస్తాలో పడి తెల్లగా లేచింది. టెంటంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తన పిల్లలతో వచ్చి వెనక కూర్చున్న మీ అక్క నా భుజం పొడిచింది.

"మొగడు సచ్చిన దినమే గింత నవ్వేంది? సిగ్గు లేదా?"

"వదినె, ఆ పొద్దు నీ తమ్ముణ్ణి ఆపనీకి ఒక్కరు నోరు తెరవలే. ఇయ్యాల నన్నాపనీకి మాత్రం తెరుస్తున్నరు" అన్నాను.

అప్పుడు యాదమ్మ నా చెయ్యి గుంజి, చెవిలో అడిగింది.

"అమ్మా, నేను నవ్వొచ్చునా?"

ఆరేళ్ల పిల్ల. అంతసేపూ పెదవులు బిగబట్టుకుని కూర్చుంది. నీ మీద, మీ అక్క మీద, నా మీద నాకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వు బిడ్డా, గట్టిగ నవ్వు" అన్నాను.

నవ్వింది. ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. రీలు అయిపోయి కథ మొదలైనా నవ్వుతూనే ఉంది. చుట్టుపక్కల వాళ్లు తిరిగి తిరిగి చూశారు. నేను ఆపమనలేదు.