మా రక్తంలో లోటు

బర్మామైన్స్

అమ్మా సవరమ్మా,

నువ్వు తలుపు తీయవు కనుక రాస్తున్నాను. చింపకుండా చివరిదాకా చదువు.

నా తమ్ముడు, నీ పెనిమిటి ఆమోసు దగ్గి దగ్గి పోయిన రోజు, శవం ముందరే, "దొంగతనంగా బీడీలు తాగీసేడు, మా రక్తంలో ఏ లోటూ నేదు" అన్నాను. నువ్వు బైబిలు మీద చెయ్యేసి తాగలేదన్నావు. నేను నమ్మలేదు.

ఇప్పుడు నాకూ అదే ఆయాసం. నేను జన్మలో బీడీ ముట్టలేదు. ఊపిరితిత్తుల్ని కాపాడేది ఏదో మా రక్తంలో పుట్టుకతోనే తక్కువట, వంశంలో వస్తుందట. మాది గట్టి రక్తమని డాక్టరుతో దెబ్బలాడాను. ఆయన పరీక్ష కాగితం చూపించాడు.

మీ కూతురు లోయిస్‌కీ ఉండొచ్చు. అది రోజంతా ఇనుము అరగదీసే గ్రైండింగ్ షాపు దుమ్ములో ఉంటుంది. దుమ్ము తగిలితే జబ్బు తొందరగా ముదురుతుందట. ఫోన్ చేస్తే, "బడే పాపా, మాస్క్ హై నా!" అని, ఈ పెదనాన్న మాట పూర్తిగా వినకుండానే పెట్టేసింది. నీ మాటైతే వింటుంది. ఈ వారమే రక్తం పరీక్ష చేయించు. ఆ పని మానిపించు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నన్ను క్షమించకపోయినా సరే. ఆమోసు బీడీ తాగలేదని ఆదివారం గుళ్లో లేచి సాక్ష్యం చెబుతాను. ఊపిరి చాలకపోతే ఈ ఉత్తరం అక్కడ నువ్వే చదివెయ్యి.

ఇట్లు,
ఆమోసు అన్న