ఆడిన ఏడు లెక్కకు వస్తుంది

అజీజ్‌నగర్

అన్నకు నీ చెల్లె వందనాలు. దేవుని దయవల్ల మేమిద్దరం బాగున్నాము. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బాపు వేళకు తింటున్నాడా? వదిన, పిల్లలు ఎలా ఉన్నారు?

ఉత్తరం చూసి భయపడకు. ఫోన్‌లో నీకు ఎదురు చెప్పాలంటే నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ పని బాగానే ఉంది. ఈ ఫారంహౌస్‌లోని ఫుట్‌బాల్ మైదానానికి మీ బావ పొద్దున్నే నీళ్లు పెట్టి, సున్నంతో గీతలు వేస్తాడు. శనివారం ఆడడానికి వచ్చేవాళ్లకు నేను టిఫిన్, టీ చేస్తాను. గండిపేట చెరువు గాలికి చలి ఎక్కువ. చుట్టూ గోడలే, పలకరించే పక్కింటివాళ్లు లేరు. మొదట్లో ఏడుపు వచ్చేది. ఫారంహౌస్ అమ్మగారు మంచిది. కప్పుకోవడానికి రగ్గు ఇచ్చింది, ఆదివారం మొయినాబాద్ చర్చి దగ్గర కారులో దింపుతుంది. నా గురించి ఫికర్ పడకండి.

పోయిన శనివారం ఆట అయ్యాక ఈ ఫారంహౌస్ యజమాని పెద్దసారు, ఆయన స్నేహితులు లోకంలో ఏ క్లబ్బు గొప్పదని పంచాయితీ పెట్టుకున్నారు. ఒకాయన స్పెయిన్ క్లబ్బు అన్నాడు, ఇంకొకాయన ఇంగ్లాండ్ క్లబ్బు అన్నాడు.

“ఈ ఏడు ఎవడు గెలిచిండని కాదు. పుట్టినకాడికెళ్లి ఇప్పటిదాంక ఏం చేసిండ్రో చూడాలె” అని పెద్దసారు బోర్డు మీద మార్కులు వేయసాగారు. మధ్యలో మూతపడి, మళ్లీ అదే పేరుతో మొదలైన ఒక క్లబ్బు దగ్గర ఆగారు. “పాత కప్పులు దీనికి కలపొద్దు. అది సచ్చిపోయింది, ఇది వేరే” అన్నారు.

నాకు మన ఊరి టీమ్ గుర్తొచ్చింది. మనుషులు చాలడం లేదు, ఈ క్రిస్మస్ పోటీకి పేరు ఇవ్వను, టీమ్ మూసేస్తాను అని ఫోన్‌లో అన్నావు కదా. ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, అంతమంది మగవాళ్ల మధ్య అడిగేశాను.

“సార్, ఓడిపోతే ఆ ఏడు లెక్కల రాదా?”

“వస్తది బిడ్డా. ఓడినా ఆడినట్టే. ఆడకపోతేనే తెగిపోతది.”

“ఏం చెల్లె, నీకు గూడ క్లబ్బు ఉన్నదా?” అని స్పెయిన్ ఆయన నవ్వాడు.

“ఉన్నది సార్. మా బాపు పెట్టిండు.”

“ఎన్ని కప్పులు?”

“ఒక్కటి.”

“మా ఆఫీసు టీమ్ కన్న ఒకటి ఎక్కువనే” అన్నాడు ఇంగ్లాండ్ ఆయన.

పెద్దసారు మన ఊరి పేరు అడిగి, బోర్డు మీద అన్నింటికంటే కింద రాశారు. సిగ్గుతో లోపలికి వచ్చేశాను. కానీ సాయంత్రం వరకూ సంతోషంగానే ఉన్నాను.

అన్నా, నిన్ను తప్పు పట్టడం లేదు. బాపు నీకు అప్పగించాక ఇన్నేళ్లు టీమ్‌ను మోసింది నువ్వే. ఆడపిల్లకు మైదానంలో ఏం పని అని అందరూ అన్నా, నన్ను గీత పక్కన కూర్చోబెట్టింది నువ్వే. అది మరువను.

మీ బావ అడిగితే సారు పండుగకు సెలవు ఇచ్చారు. తోటపని చేసే ఇద్దరు కూడా వచ్చి ఆడతామన్నారు. మీ బావను గోల్ దగ్గర పెట్టు. బంతి ఆపడం రాదు కానీ కదలకుండా నిలబడతాడు. అల్లుడు ఊరివాడు కాదని ఎవరైనా అంటే ఆ పోట్లాట నువ్వు చూసుకో. పేరు మాత్రం ఇచ్చేయి.

ఎవరైనా ఇటు వస్తే వదినను జొన్నపిండి పంపమను. చర్చి అయ్యగారికి, పెద్దలందరికీ నా వందనాలు. మా కోసం ప్రార్థన చేయండి.

టీమ్ మూసేస్తానన్న మాట బాపుకు ఇంకా చెప్పకపోతే, ఇక చెప్పకు.

నీ చెల్లె,
కరుణ