శ్రోత నలభై ఏడు

గరివిడి,
ఆదివారం పొద్దున్న.

చిరంజీవి శ్రావణిని నాన్న దీవించి రాస్తున్న సంగతులు.

అమ్మడూ, ఇక్కడ నేను, మీ అమ్మ, మీ అమ్మ మోకాలి నొప్పి ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, నీ గొంతూ, నీ బ్యాండువాళ్ళూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ ఉత్తరం బుధవారం అందింది. "ఫోనులో ఏదడిగినా బాగుందంటావు నాన్నా, కాగితం మీదైనా నిజం చెప్పు, ఉత్తరమే రాయి" అన్నావు. పోస్టుమాన్ కవరు నా చేతిలో పెడుతూ, "బెంగుళూరు నుంచి సేతిరాత ఉత్తరమేటండీ! అమ్మాయికి సంబంధం కుదిరీసినాదేటి?" అని అడిగాడు. కాదయ్యా, పాటల గురించి అంటే నమ్మలేదు. ఇంకా నమ్మినట్టు లేడు, నిన్న మిఠాయి అడిగాడు.

నీ ప్రశ్నలన్నిటికీ జవాబు రాస్తాను. ఆఖరి ప్రశ్నకు ఆఖర్నే రాస్తాను, తొందరపడి కిందికి చూడకు. మీ ఎనిమిది పాటల ఆల్బం ఇరవయ్యో తారీకున బయటికొస్తోంది, అందులో 'బాగుంది' అనే పాట ఉంచాలా, తీసెయ్యాలా, పదిహేను లోపు చెప్పమన్నావు. ఈవేళ తొమ్మిది. రేపు స్పీడుపోస్టులో వేస్తే టైముకే అందుతుంది.

ముందు నువ్వు వినమన్న ఆ విశాఖపట్నం బ్యాండు సంగతి. 'కిటికీ సీటు' ఆల్బం మూడుసార్లు విన్నాను. ఇంట్లో మీ అమ్మ టీవీ ముందు ఏ గిటారూ నిలబడదు కాబట్టి, ఆదివారం పొద్దున్న హెడ్‌ఫోను పట్టుకుని స్టేషనుకు పోతాను. ప్లాట్‌ఫారం చివరి బెంచీ నాది. రైలొచ్చినప్పుడు పాట ఆపుతాను, వెళ్ళాక మళ్ళీ పెడతాను. తొమ్మిది పాటల్లో ఏడు ఒకే నడక. మొదట నెమ్మదిగా గిటారు, తర్వాత నోట్లో నోట్లో గొణుగుడు, రెండు నిమిషాలయ్యేసరికి డ్రమ్ములొచ్చి మీద పడటం. మూడో పాటకే ఎక్కడ మీద పడతారో నాకు తెలిసిపోయింది. ఆ గొణుగుడు దేనికో నాకర్థం కాదు. అంత కష్టపడి మాటలు రాసుకున్నది ఎవరికీ వినిపించకూడదనా? కానీ ఐదో పాట వేరు. బస్సులో నిలబడి ఊరెళ్ళే మనిషి పాట. డ్రమ్ములు లేవు. ఒక్క బేసు గిటారు, ఒక్క గొంతు. మధ్యలో గొంతు ఆగిపోయి చాలాసేపు బేసు మాత్రమే నడుస్తుంది. ఫోను పాడైందనుకుని తీసి చూశాను కూడా. ఆ కుర్రాళ్ళు ఇంకో రెండేళ్ళాగి అలాంటివే తొమ్మిది చేసుంటే నేను వాళ్ళ కచేరీకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవాణ్ణి.

మీ డ్రమ్ముల మోహనకృష్ణకి కటక్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చి బ్యాండు వదిలేస్తున్నాడన్నావు. పోనీ, వాణ్ణి తిట్టకండి. మంచి పిల్లడు. మనింటికొచ్చినప్పుడు అన్నం తిన్న కంచం తనే కడుక్కున్నాడు. వాడి బదులు కొత్తగా వచ్చిన రాణి మరీ గట్టిగా వాయిస్తోందని ఈశ్వర్ గొడవ పెడుతున్నాడన్నావు కదా, నువ్వు పంపిన రిహార్సల్ ముక్క నాలుగుసార్లు విన్నాను. ఆ పిల్ల గట్టిగా వాయించడం లేదు, సరిగ్గా వాయిస్తోంది. ఇన్నాళ్ళూ డ్రమ్ములు కాస్త అటూ ఇటూ అవుతుంటే ఆ సందులో ఈశ్వర్ గిటారు ఇష్టమొచ్చినట్టు తిరిగేది. ఇప్పుడు సందు లేదు. అదీ అతని బాధ. రాణిని వదులుకోకండి.

కోటబొమ్మాళి నుంచి మీ గురమ్మత్త వచ్చి రెండ్రోజులుంది. నీ పాట వినిపించాను. "పిల్ల గొంతు బాగున్నాది గానీ తమ్ముడూ, ఎనకాల ఆ రేకుల సప్పుడేటి? ఎవులైనా ఇల్లు కడతన్నారేటి?" అంది. అది ఈశ్వర్ సోలో. అతనికి చెప్పకు. వెళ్ళే ముందు మాత్రం, "ఆ ఇల్లు కట్టీ పాట ఇంకోపాలి ఎయ్యి" అని అడిగి మరీ వింది. మీకు కోటబొమ్మాళిలో ఒక అభిమాని ఉన్నట్టే లెక్క.

ఇక ఆ శ్రోత 47 గురించి.

బ్యాండుల పాటల మీద అందరూ అభిప్రాయాలు రాసే పేజీలో ఆ పేరుతో ఒకాయన రాస్తున్నాడని, మీరు ముందుగా విడుదల చేసిన మూడు పాటల మీదా రాశాడని చెప్పావు. మొదటి పాటకి 'గొంతు మీద ప్రతిధ్వని ఎక్కువైంది, పాడే అమ్మాయి నూతిలో ఉన్నట్టుంది, పైకి తియ్యండి' అన్నాడు. మీరు తగ్గించారు, పాట బాగుపడింది. రెండోదానికి నాలుగో చరణం దండగ అన్నాడు. తీసేశారు, అదీ బాగుపడింది. మూడోది 'బాగుంది'. దానికి ఆయన ఇలా రాశాడు: 'ఇందులో తండ్రి అట్టముక్క మనిషి. రాసినవాళ్ళకి తండ్రి అంటే తెలియదు. ఈ పాట తీసేస్తే మిగతా ఏడూ ఊపిరి పీల్చుకుంటాయి.' ఈశ్వర్ అయితే వాడెవడో దొరికితే గిటారు పెట్టి కొడతానంటున్నాడు. నువ్వు మాత్రం, రెండుసార్లు నిజం చెప్పిన మనిషి మూడోసారి అబద్ధమెందుకు చెప్తాడు నాన్నా అని అడిగావు. ఆ తర్వాత రెండ్రోజులు పాడలేకపోయానని కూడా రాశావు.

అమ్మడూ, ఆ శ్రోత 47 నేనే.

కోప్పడు. కోప్పడ్డాకే మిగతాది చదువు.

బుధవారం మీ అమ్మ నీ ఉత్తరం గట్టిగా చదువుతోంది. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి నా మొహం ఎలా అయిందో నాకు తెలియదు గానీ, ఆవిడ చదవడం ఆపేసింది.

"ఏటలగైపోయినావు?"

"ఏం లేదు. చదువు."

నా వంక చూసింది. "ఓలమ్మా! ఆ నలభై ఏడోవోడు నువ్వేనేటి?"

ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాక జవాబు చెప్పక్కర్లేదు.

"సిగ్గునేదేటి నీకు? పిల్ల రెండ్రోజులు పాడనేకపోనాదంట! సెప్పాలనుంటే తండ్రిలాగ సెప్పాల, మొకానికి ముసుగేసుకోని సెప్తావా?" అంది. ఆదివారంలోగా నేను రాయకపోతే తనే ఫోను చేసి చెప్పేస్తానంది. ఆవేళ్టి నుంచి నాకు కూర వడ్డించడం లేదు, గిన్నె ముందుకు తోస్తోంది.

ఎందుకు చేశానో చెప్తాను. అది మంచిపనని మాత్రం చెప్పను. మా ఫ్యాక్టరీ ల్యాబు పని నీకు తెలుసు కదా. లోహం కరిగించే ఫర్నేసు దగ్గర్నుంచి మాకు వచ్చే శాంపిలు మీద నంబరొక్కటే ఉంటుంది. ఏ షిఫ్టువాళ్ళు తీసిన లోహమో మాకు తెలియకూడదు. తెలిస్తే చెయ్యి మెత్తబడుతుంది. మీ అప్పలసూరి మావ ఫర్నేసు మీద పనిచేసే రోజుల్లో గేటు దగ్గర నన్ను పట్టుకుని, "బావా, మా శాంపిలు ఏటైనాది? సెప్పు బావా" అని బతిమాలేవాడు. "అందులో నీదేదో నాకేటి తెల్సు బావా" అనేవాణ్ణి. అది నిజం కాబట్టి, సాయంత్రం ఇద్దరం కలిసి టీ తాగగలిగేవాళ్ళం.

నీ పాట అలా కాదు. నీ పేరుతో, నీ గొంతుతో వస్తుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి నన్ను పిలిచిన గొంతు అది. నా నోటికి బాగుంది తప్ప ఇంకేం వస్తుంది? అందుకని పేరు దాచుకుని రాశాను. మొదటి రెండింటికీ నిజమే రాశాను, మీరు నా మాట విని సరిదిద్దుకున్నారని తెలిసి వారం రోజులు ఫ్యాక్టరీలో కాలరెగరేసుకుని తిరిగాను. కానీ చేసిన తప్పేమిటో మీ అమ్మ తిట్టాక గానీ తెలియలేదు. ల్యాబులో దాచేది శాంపిలు పేరు. పరీక్ష చేసినవాడి సంతకం రిపోర్టు కింద ఉండి తీరాలి. నేను తలకిందులు చేశాను. శాంపిలు నా కూతురిదని తెలిసి, నా సంతకం దాచుకున్నాను.

మూడోదానికి రాసింది మాత్రం అబద్ధం. 'బాగుంది' మొదటిసారి విన్నది ఆ స్టేషను బెంచీ మీదే.

'కూర మాడితే బాగుందంటాడు,
ఊరు విడిచి నే వెళితే బాగుందంటాడు,
బాగోలేనిది ఎవరికి చెప్పుకుంటాడు?'

అక్కడ ఆపేశాను. రైలేమీ రాలేదు, ఊరికే ఆపేశాను. నా ఇంట్లో కూర్చుని నా మొహం చూస్తూ నా కూతురు ఇంత గమనించిందా, ఇప్పుడది ఊరందరికీ వినిపిస్తుందా అని సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపమొచ్చింది. ఇంటికొచ్చి ఆ అట్టముక్క మాట రాసేశాను. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు రిపోర్టు ఇవ్వలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇచ్చింది ఇదొక్కటి, అదీ నీకు.

ఇప్పుడు అసలు రిపోర్టు విను. నువ్వు పంపిన ఎనిమిదింటిలో అదే మంచి పాట. నీ గొంతు ఏ హంగూ లేకుండా ముందుకొచ్చి నిలబడింది ఆ ఒక్కదాంట్లోనే. చివర్లో ఈశ్వర్ గిటారు అరనిమిషం ఎక్కువైంది, అది తగ్గించండి. రెండో చరణంలో 'చెప్పుకుంటాడు' దగ్గర నువ్వు ఊపిరి పీల్చిన చప్పుడు వినపడుతుంది. దాన్ని తుడిచెయ్యొద్దు.

ఇంకొక్కటి. నువ్వు కంపెనీ ఉద్యోగం మానేసి బ్యాండులోనే ఉంటానని ఫోను చేసినప్పుడు నేను బాగుందన్నాను. బాగోలేదమ్మా. భయమేసింది. ఆ నెలంతా ల్యాబులో ప్రతి లెక్కా రెండుసార్లు చేశాను, బుర్ర నిలవక. ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా చెప్పలేదు. మీ మొదటి పాట విన్నాక ఆ భయం పోయింది. అదీ నీకు చెప్పలేదు. ఇప్పుడు నిజంగా సంతోషంగా ఉన్నాను, ఈ మాట నా సంతకంతో రాస్తున్నాను.

మా ల్యాబులో తప్పు రిపోర్టు చింపకూడదు. తప్పు అంకె కనపడేలాగే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పూర్తి పేరుతో సంతకం చెయ్యాలి. అందుకని శ్రోత 47 రాసింది నేను తుడిపెయ్యను. దాని కిందే ఈ దిద్దుబాటు పెడతాను:

'పైన రాసింది తప్పు. ఈ పాటలో తండ్రి అట్టముక్క కాదు, ఉన్నవాడు ఉన్నట్టే ఉన్నాడు. ఆయన్ని నేనెరుగుదును. బోను జగన్నాధం, గరివిడి.'

నువ్వు సరేనన్నాకే పెడతాను. పాట తీసేస్తే దీన్ని పెట్టడానికి నాకు చోటుండదు. ఉంచు తల్లీ.

ఇట్లు,
ఆ పాటలో ఉన్న
మీ నాన్న