చక్రవర్తి బస్సు

నాయనా,

ఈ పొద్దు మన చిన్నది తొలిసారి తిరుమలకు బస్సు తోలింది. నువ్వు బతికున్నన్నాళ్లూ తోలిన ఘాట్ రోడ్డే. నువ్వు లేవు గదా, అమ్మే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బస్సు వాటిని తొక్కి కదిలినంక ఇంటికొచ్చి, కాఫీ గూడా ముట్టకుండా కూర్చునింది.

నాకేమో నీ మాటే గుర్తొస్తా ఉండె. చిన్నప్పుడు బడిలో విని వచ్చి నీకు చెప్పినా. "ఎవరి రథచక్రాలు యాడా అడ్డం లేకుండా తిరుగుతాయో, ఆ రాజును సంస్కృతంలో చక్రవర్తి అన్నారంట నాయనా!"

నువ్వు నవ్వినావు. "అడ్డం లేదని తోలుకుంటా పోతే మన రోడ్డులో నేరుగా లోయలోకే పోతాడు పాపా. అడ్డమొచ్చినప్పుడు బండిలో ఉండేవోళ్లు తూలకుండా ఆపినోడే చక్రవర్తి."

నా రాజును ఎగతాళి చేసినావని నాకు ఒళ్లు మండింది.

మధ్యాన్నం చిన్నది పైనుంచి ఫోన్ చేసింది. "అక్కా, ఒక మలుపులో జింక అడ్డమొచ్చింది. ఆపినా. ముందు సీట్లో నిద్రపోతా ఉండే ముసలామె గూడా లేయలేదు."

ఆ మాట చెప్తే అమ్మ కొంగుతో మొహం తుడుచుకొని పొయ్యి కాడికి పోయింది. చక్రవర్తి ఆకలితో దిగొస్తాదని సంగటి కెలకతా ఉండాది.